వాడుతున్నామంటే ఒప్పుకున్నట్టేనా?

విజయనగరం గంటస్తంభానికి దగ్గర్లో మా పిన్ని టిఫిన్ కొట్టు. తెల్లారి 5 గంటలకి పొయ్యి వెలుగుతుంది, పదిన్నరకల్లా ఇడ్లీ పాత్రలు కడిగేస్తుంది. గల్లాపెట్టె మీద క్యూఆర్ కోడ్ అట్ట నిలబెట్టి ఉంటుంది. దాని పక్కనే, డబ్బులు పడగానే పైకి చెప్పే చిన్న స్పీకరు డబ్బా. జనం ఎక్కువున్నప్పుడు పిన్ని చూపు పెనం మీద, చెవి డబ్బా మీద. "నలభై రూపాయలు వచ్చాయి" అని వినపడితేనే పెసరట్టు పొట్లం అవతలి చేతిలోకి వెళ్తుంది.

కొట్టు కట్టేశాక రోజూ ఒక పని చేస్తుంది. తడి చేతులు చెంగుకి తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఆ పూట ఖాతాలో పడిన డబ్బులో 500 మాత్రం ఉంచి మిగిలిందంతా ఇంకో బ్యాంకు ఖాతాకి పంపేస్తుంది. ఆ రెండో ఖాతాని ఏ యాప్‌తోనూ కలపలేదు. దానికి ఇచ్చిన నంబరు కూడా బీరువాలో ఉండే పాత బటన్ ఫోన్‌ది. పాసుబుక్కులో పద్దులు వేయించుకోవడానికి నెలకోసారి బ్యాంకుకి వెళ్లి లైన్లో నిలబడుతుంది. ఈ ఏర్పాటు ఆమెకి ఎవరూ నేర్పలేదు. పక్క కొట్టు టైలరు ఎవరో పంపిన లింకు నొక్కి ఖాతా ఖాళీ చేసుకున్న సంగతి విని, తనకి తానే ఆలోచించి పెట్టుకుంది. "ఫోన్లో ఉన్న డబ్బు వీధరుగు మీద పెట్టినట్టే కదమ్మా" అంటుంది.

ఏ కంపెనీ లెక్క తీసినా మా పిన్ని ఆ కంపెనీకి నమ్మకమైన ఖాతాదారే. రోజుకి డెబ్భై, ఎనభై చెల్లింపులు ఆమె అట్ట మీద జరుగుతాయి. ప్రభుత్వం లెక్కలో ఆమె డిజిటల్ విప్లవాన్ని అందిపుచ్చుకున్న చిరువ్యాపారి. ఆమె 500 మాత్రం ఉంచి మిగతాది దాచుకోవడం మాత్రం ఏ లెక్కలోకీ ఎక్కదు. నన్నడిగితే, టెక్నాలజీ గురించి ఆమె అసలు అభిప్రాయం ఆ దాచుకోవడంలోనే ఉంది.

మన జనానికి టెక్ కంపెనీల మీద ఏ అనుమానాలూ లేవనీ, ఫ్రీగా వస్తే చాలనుకుంటారనీ, ప్రైవసీ అంటే ఏంటో తెలియదనీ చదువుకున్నవాళ్లు అంటుంటే చాలాసార్లు విన్నాను. అమెరికా సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2025లో పాతిక దేశాల్లో చేసిన సర్వేలో, కృత్రిమ మేధ విషయంలో ఉత్సాహం కన్నా ఆందోళనే ఎక్కువ అన్నవాళ్లు అమెరికాలో సగం మంది. మన దేశంలో అలా అన్నవాళ్లు చాలా తక్కువ. వెంటనే దానికి అర్థం చెప్పేస్తారు: వాళ్లకి తెలుసు కాబట్టి భయపడుతున్నారు, మనకి తెలియదు కాబట్టి మురిసిపోతున్నాం. ఈ మాట నాకు మింగుడుపడదు. మన దగ్గర భయం సర్వేలో టిక్కు పెట్టే రూపంలో ఉండదు. రెండో ఖాతా రూపంలో ఉంటుంది, బటన్ ఫోన్ రూపంలో ఉంటుంది, "పిల్ల ఫొటో స్టేటస్‌లో పెట్టకమ్మా, దిష్టి తగులుతుంది" అనే అమ్మమ్మ మాటలో ఉంటుంది.

మన భాషనే చూడండి. తెలియనిదేదైనా వస్తే "గూగుల్ తల్లిని అడుగు" అంటాం. అబద్ధమని అనుమానమొస్తే "వాట్సాప్ యూనివర్సిటీలో చదివావా" అంటాం. ఒకదాన్ని తల్లి అన్న నోటితోనే ఇంకోదాన్ని దొంగ పట్టాలిచ్చే కాలేజీగా చూస్తున్నాం. ఇక "ఫోన్‌పే కొట్టు" అన్నది ఏ యాప్‌లో పంపినా వాడే క్రియాపదం అయిపోయింది. ఫోన్లో డబ్బు పంపే యూపీఐ అనే దారి మన దేశంలోని చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ వేసిందే. కానీ ఆ దారిలో నడిచే లావాదేవీల్లో నూటికి సుమారు 80 ఫోన్‌పే, గూగుల్ పే ద్వారానే జరుగుతున్నాయి. అందులో ఒకటి వాల్‌మార్ట్ చేతిలో ఉంది, రెండోది గూగుల్‌ది. ఒక్క యాప్ వాటా 30 శాతం దాటకూడదని ఎన్‌పీసీఐ 2020లో నియమం పెట్టింది. ఆ గడువు జరుగుతూ జరుగుతూ 2026 చివరికి వచ్చింది. మా పిన్నికి ఇవేవీ తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు. అట్ట పెట్టకపోతే పక్క కొట్టుకి పోతారని మాత్రం బాగా తెలుసు.

పోయినేడు ఒక ఆదివారం ఆ డబ్బా మూగబోయింది. జనం ఫోన్లు చూపించి "పంపేశామమ్మా" అంటున్నారు, డబ్బా పలకదు. తెలిసిన మొహాలు కదా అని నమ్మి పొట్లాలు ఇచ్చేసింది. సాయంత్రం చూసుకుంటే 640 రూపాయలు తేడా. కంపెనీ నంబరుకి ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు. ఒకటి నొక్కు, నాలుగు నొక్కు, మీ కాల్ మాకు ముఖ్యం. మనిషి గొంతు వినపడేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. ఆ మనిషి కూడా డబ్బాని ఓసారి ఆపి మళ్లీ వెయ్యమన్నాడు. డబ్బాకి నెలనెలా కోసుకునే అద్దె మాత్రం ఆ నెల కూడా కోసుకున్నారు. ఆ రోజు నుంచి గల్లాపెట్టె కింద బిస్కెట్ డబ్బాలో 300 రూపాయల చిల్లర ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతోంది.

అంటే ఆమె ఈ సౌకర్యాన్ని తిట్టుకుంటోందా? లేదు. చిల్లర గొడవ తగ్గింది, అప్పులు రాసుకునే పుస్తకం సన్నబడింది, ఖాతాలో రాకపోకలు చూపించి బ్యాంకులో లోను తెచ్చుకుని ఫ్రిజ్ కొంది. ఈ మేలు చెప్పకపోతే అన్యాయం. కానీ మేలు పొందడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఈ రెండింటినీ ఒకటి చేసి మాట్లాడటం కంపెనీలకి లాభం. ప్రభుత్వాలకి కూడా అలవాటైపోయింది.

పదేళ్ల కిందట మన దేశంలో ఈ తేడాని ఒక సంస్థ గట్టిగా పట్టుకుంది. అది ఫోన్, ఇంటర్నెట్ కంపెనీలకి నియమాలు పెట్టే ట్రాయ్. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఇంటర్నెట్.ఆర్గ్ అని తెచ్చింది, ఆ సెప్టెంబరులో దానికి ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చింది. ఎంపిక చేసిన కొన్ని వెబ్‌సైట్లు డేటా ఖర్చు లేకుండా వస్తాయి, మిగతా ఇంటర్నెట్‌కి డబ్బు కట్టాలి. పేదవాళ్లకి కొంతైనా ఇంటర్నెట్ దొరుకుతుంది కదా అన్నది వాళ్ల వాదన. ఆ కొంత ఏమిటో ఎవరు నిర్ణయిస్తారన్నది అవతలివాళ్ల ప్రశ్న. డిసెంబరులో ట్రాయ్ చర్చా పత్రం పెట్టి జనం అభిప్రాయం అడిగింది. అప్పుడు ఫేస్‌బుక్ తెరిస్తే చాలు, ఫ్రీ బేసిక్స్‌ని కాపాడండి, ట్రాయ్‌కి మెసేజ్ పంపండి అని వచ్చేది. మెసేజ్ ముందే రాసిపెట్టి ఉంటుంది. వేలు ఆనిస్తే వెళ్లిపోతుంది. పత్రికల్లో పేజీలకి పేజీలు ప్రకటనలు. ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ స్వయంగా టైమ్స్ ఆఫ్ ఇండియాలో వ్యాసం రాశాడు.

నేను కూడా నొక్కాను. ఆఫీసు బస్సులో, ఓ స్నేహితురాలి పేరు కనిపించిందని. ఏం పంపానో చదవలేదు. ట్రాయ్‌కి సుమారు 24 లక్షల స్పందనలు వస్తే, వాటిలో దాదాపు 19 లక్షలు ఇలా ఫేస్‌బుక్ రాసిపెట్టిన మెసేజ్‌లే. వాటిలో ఒకటి నాది.

ఓట్లు లెక్కపెట్టినట్టు లెక్కపెడితే అక్కడితో కథ అయిపోవాలి. ట్రాయ్ అలా లెక్కపెట్టలేదు. మేం అడిగిన ప్రశ్నలకి ఈ మెసేజ్‌ల్లో జవాబులు లేవు అంది. సంప్రదింపుల ప్రక్రియని ముందే ఏర్పాటు చేసిన ఓటింగులా మార్చేస్తున్నారని ఫేస్‌బుక్‌కి ఘాటుగానే ఉత్తరం రాసింది. 2016 ఫిబ్రవరి 8న, చూసే వెబ్‌సైటుని బట్టి డేటాకి వేరువేరు ధరలు పెట్టకూడదని నియమం తెచ్చింది. తప్పితే రోజుకి 50 వేల రూపాయల జరిమానా. మూడు రోజులకి ఫేస్‌బుక్ మన దేశంలో ఫ్రీ బేసిక్స్‌ని ఎత్తేసింది.

19 లక్షల మందిని కాదని నిర్ణయం తీసుకుంటే అది ప్రజాభిప్రాయాన్ని తోసేసినట్టు కాదా అని అప్పట్లో ఒక మిత్రుడు నాతో వాదించాడు. నా జవాబు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. నా వేలి ముద్ర నా అభిప్రాయం కాదు. నన్ను కూర్చోబెట్టి, ఇదీ సంగతి, ఇవీ లాభనష్టాలు, నువ్వేమంటావు అని అడిగి ఉంటే, ఏదో ఒకటి అనేదాన్ని. బహుశా కావాలనే అనేదాన్నేమో. అప్పుడది నా మాట అయ్యేది. (అదే ఏడాది సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరే పడిపోయింది. పేదవాళ్లకి ఇంటర్నెట్ అందాలంటే కొన్ని సైట్లే ఇవ్వాలన్న వాదనకి అక్కడితో బలం పోయింది. 2020లో ఫేస్‌బుక్ 43,574 కోట్లు పెట్టి అదే జియో ప్లాట్‌ఫామ్స్‌లో వాటా కొనుక్కుంది.)

ఆ తర్వాత మనల్ని అలా అడిగినవాళ్లు లేరు. 2021 జనవరిలో వాట్సాప్ కొత్త ప్రైవసీ పాలసీ పెట్టింది. ఒప్పుకుంటే వాడుకో, లేకపోతే లేదు. మా కుటుంబం గ్రూపులో పెద్ద దుమారమే రేగింది. మావయ్య సిగ్నల్ అనే ఇంకో మెసేజ్‌ల యాప్‌లో కొత్త గ్రూపు తెరిచి అందరికీ లింకు పంపాడు. 34 మందిలో 9 మంది వెళ్లాం. రెండు వారాలు సుప్రభాతాలు రెండు చోట్లా వచ్చాయి. తర్వాత పెళ్లి పిలుపొకటి పాత గ్రూపులోనే వచ్చింది, పిల్లల స్కూలు నోటీసులు అక్కడే, గ్యాస్ ఏజెన్సీ అక్కడే. సంక్రాంతి వెళ్లి శివరాత్రి వచ్చేసరికి కొత్త గ్రూపులో మావయ్య ఒక్కడే మిగిలాడు. జనానికి ప్రైవసీ పట్టదని చెప్పడానికి ఈ కథనే సాక్ష్యంగా చూపిస్తారు. నాకు దీంట్లో కనిపించేది వేరు. వెళ్లడానికి చోటు లేనప్పుడు వెనక్కి రావడం ఇష్టపడి వచ్చినట్టు కాదు. వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ కూడా ఇంచుమించు ఇదే మాట అంది. ఒప్పుకో లేదా పో అనే షరతు పెట్టడం ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేయడమే అని 2024 నవంబరులో ఫేస్‌బుక్, వాట్సాప్‌ల సొంతదారు మెటాకి 213 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

ఆ జరిమానా వేసి మూడు నెలలైనా కాకముందే, 2025 జనవరి 30న మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో 161 సేవలని వాట్సాప్‌లోకి తెచ్చింది. ఇంటర్ పిల్లలు హాల్ టికెట్లు అందులోనే దింపుకున్నారు. సర్టిఫికెట్ కోసం మండలాఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగిన మనిషిని నేను. ఆ తిరుగుడు తప్పిందంటే నాకూ హాయిగానే ఉంది. కానీ నాకూ నా ప్రభుత్వానికీ మధ్య మెటా వచ్చి కూర్చున్నప్పుడు, ఇక నేను వాట్సాప్ వద్దనుకోవడం ఇంకో మెట్టు కష్టమైంది. ఆ సంగతి ఎవరూ చర్చకి పెట్టలేదు. సచివాలయానికి వెళ్లే దారి ఇంకా ఉంది నిజమే. అది మూసుకుపోకుండా చూడాలని మాత్రం గట్టిగా కోరుకుంటాను.

మన తెలుగు ఇళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ కంపెనీలు మనకి పరాయివి కావు. 2014లో సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టినప్పుడు మన ఇంటి పిల్లాడే గెలిచినట్టు పొంగిపోయాం. ఆయన తండ్రి యుగంధర్ గ్రామీణాభివృద్ధిలో మంచి పేరున్న ఐఏఎస్ అధికారి అని చెప్పుకుని ఇంకా మురిశాం. ప్రతి వీధిలో ఒక ఇల్లు అమెరికాలో ఈ కంపెనీలుండే రెడ్మండ్‌కో సన్నీవేల్‌కో చుట్టం. అలాంటి ఇంట్లో కూర్చుని కంపెనీని ఒక మాట అంటే కోడల్ని అన్నట్టే తీసుకుంటారు. మా పెదనాన్న అలాగే ఉండేవాడు. 2023 మొదట్లో పెద్ద పెద్ద కంపెనీలు వేలమందిని తీసేసినప్పుడు మా అన్నయ్యకి తెల్లవారుజామున మెయిల్ వచ్చింది. 8 ఏళ్ల ఉద్యోగం, లాప్‌టాప్ తెరుచుకోలేదు. హెచ్1బీ వీసా కాబట్టి 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, లేకపోతే పిల్లల్ని బడి మాన్పించి వచ్చెయ్యాలి. 52వ రోజున దొరికింది. ఆ 52 రోజులూ పెదనాన్న టెన్షన్‌తో నిద్రపోలేదు. ఇప్పుడాయన కంపెనీ గురించి మంచీ అనడు, చెడూ అనడు. ఏ సర్వేవాడు అడిగినా "బాగానే ఉంది బాబూ" అనే అంటాడని నాకు తెలుసు.

ఇవన్నీ మనసులో ఉండగా విశాఖ వార్త వచ్చింది. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో ఏఐ హబ్ పెడతానని ప్రకటించింది. ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు. గిగావాట్ స్థాయి కరెంటు వాడే డేటా సెంటర్లు, అంటే కంప్యూటర్ల గోదాములు. అవి వచ్చే చోట్లుగా తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు పేపర్ల నిండా. లక్షకు పైగా ఉద్యోగాలని ప్రభుత్వం చెప్పింది. శ్రీకాకుళం నుంచి మద్రాసుకీ హైదరాబాదుకీ కూలికి పోయే రైళ్లు చూస్తూ పెరిగినవాళ్లం మేం. మా ప్రాంతానికి పెద్ద పెట్టుబడి వస్తుందంటే సంతోషించని గుండె ఉండదు. నేనూ సంతోషించాను. వద్దనడానికి ఇది రాయడం లేదు.

గిగావాట్ అంటే ఎంతో మాకు కళ్లముందే కొలబద్ద ఉంది. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. అందులో సగం ఒక గిగావాట్. అంత కరెంటు మింగే యంత్రాలు రాత్రీ పగలూ వేడెక్కుతాయి. వాటిని చల్లార్చాలి. నీళ్లతో చల్లారిస్తే నీళ్లు కావాలి, గాలితో చల్లారిస్తే ఇంకా కరెంటు కావాలి. ఏ పద్ధతి, ఎన్ని నీళ్లు, ఏ జలాశయం నుంచి, ఎండాకాలంలో ఎవరికి ముందు? ఇవి టెక్నాలజీ తెలిసినవాళ్లు మాత్రమే అడగాల్సిన ప్రశ్నలు కావు. బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడే ఎవరైనా అడగొచ్చు.

మా ఉత్తరాంధ్రలో "ప్రజాభిప్రాయ సేకరణ" అన్న మాట అందరికీ తెలుసు. మందుల ఫ్యాక్టరీ వస్తున్నా, థర్మల్ ప్లాంటు వస్తున్నా ఊరవతల షామియానా వేస్తారు. 2006 సెప్టెంబరు నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం అది తప్పనిసరి. నెల ముందు పేపర్లో వెయ్యాలి. నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి. జిల్లా అధికారి వచ్చి కూర్చోవాలి. జనం ఏమన్నారో రాసుకుని, చివర్లో వాళ్లకి అర్థమయ్యే భాషలో పైకి చదివి వినిపించాలి. ఆ షామియానాల కింద జరిగేదంతా సవ్యంగా జరుగుతుందని చెప్పను. బస్సుల్లో తెచ్చిన జనాన్నీ చూశాం, లాఠీలనీ చూశాం. చెప్పిన మాట చెవికెక్కకపోతే ఏమవుతుందో థర్మల్ ప్లాంటు వద్దన్న సోంపేట బీల (చిత్తడి నేల) దగ్గర 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయినప్పుడు చూశాం. అయినా ఆ షామియానా కింద ఒక మత్స్యకారుడు లేచి మైకు పట్టుకుంటే, అతని మాట కాగితం మీదకి ఎక్కాల్సిందే. అది చిన్న విషయం కాదు.

ఆ నోటిఫికేషన్ జాబితాలో డేటా సెంటర్ అన్న పేరు విడిగా లేదు. అది రాసేనాటికి ఇంత పెద్దవి ఎవరి ఊహలోనూ లేవు. భవన నిర్మాణాల కిందకి వచ్చే ప్రాజెక్టులకి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని మాత్రం అందులో రాసి ఉంది. అంటే ఎకరాల కొద్దీ స్థలంలో, థర్మల్ కేంద్రంలో సగం కరెంటు వాడే కట్టడం కూడా కాగితం మీద అపార్టుమెంటు లాంటి కట్టడమే కావచ్చు. ఈ లోపాన్ని సరిదిద్దాలి. చట్టం మారేదాకా ఆగక్కర్లేదు కూడా. చట్టం అడగకపోయినా ప్రభుత్వం తనంతట తాను షామియానా వెయ్యొచ్చు. తర్లువాడలో ఒకటి, రాంబిల్లిలో ఒకటి. కంపెనీ ఇంజనీర్లు వచ్చి నీళ్ల లెక్క, కరెంటు లెక్క, శాశ్వత ఉద్యోగాలు ఎన్నో, కట్టేటప్పుడు మాత్రమే ఉండే పనులు ఎన్నో తెలుగులో చెప్పాలి.

ఇలా అంటే పెట్టుబడి చెన్నైకో ముంబైకో పారిపోతుందని భయపెడతారు. 15 బిలియన్లు పెట్టేవాళ్లు సముద్రం అడుగు నుంచి ఇంటర్నెట్ కేబుల్ దిగే తీరాన్నీ, దొరికే భూమినీ, కరెంటునీ చూసుకుని వస్తారు. రెండు రోజులు జనం ముందు కూర్చోవాల్సి వచ్చిందని వెళ్లిపోరు. ఒకవేళ జనం ముందు చెప్పుకోలేని లెక్క ఏదైనా ఉంటే, అది ఇప్పుడే తెలియడం ఊరికి మంచిది.

పోయిన నెల కొట్టులో కూర్చుని పిన్నికి ఈ డేటా సెంటర్ గురించి చెప్పాను. మన ఫొటోలూ మెసేజ్‌లూ ఉండే గోదాములాంటిది పిన్నీ అని మొదలుపెట్టాను. కరెంటు సంగతి విని తల ఊపింది. చల్లార్చడం దగ్గరికి వచ్చేసరికి చేతిలో గరిట ఆగింది.

"మన తాటిపూడి నీళ్లు ఇప్పటికే విశాఖపట్నం తాగుతోంది కదా" అంది. "వాళ్లకి చాలకపోతే మళ్లీ మన గోస్తని మీదకే వస్తారా?"

తెలియదన్నాను.

"మరి ఎవర్ని అడగాలి?"

జవాబు లేక, తేదీ వేసి ఆమె ప్రశ్నని నా డైరీలో రాసుకున్నాను. ఈలోగా డబ్బా "అరవై రూపాయలు వచ్చాయి" అంది. పిన్ని లేచి రెండు పెసరట్లు పొట్లం కట్టింది.